జియానా, మేహెమ్, సామ్: కమోడోర్ 64లో ముందు ఏది ఆడాలి?

తొంభైల్లో వేసవి సెలవులకు గంటకింత అని అద్దె కట్టి, టీవీకి తగిలించిన వీడియో గేమ్ ఆడినవాళ్లకు మారియో గురించి చెప్పక్కర్లేదు. యూరప్‌లో మాత్రం చాలా ఇళ్లలో పిల్లల చేతికి ముందుగా అందింది కమోడోర్ 64. 1982లో వచ్చిన హోమ్ కంప్యూటర్ అది. మన దగ్గర చూసినవాళ్లు తక్కువ. ఇప్పుడు వైస్ అనే ఉచిత ఎమ్యులేటర్ (పాత కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రామ్) వేసుకుంటే మామూలు ల్యాప్‌టాప్‌లోనే దాని గేములన్నీ నడుస్తాయి.

"మారియోలా పక్కకు జరుగుతూ పోయే గేమ్ అందులో ఏది బాగుంటుంది?" అని అడిగితే నేను మూడు పేర్లు చెబుతాను. 1987లో వచ్చిన ది గ్రేట్ జియానా సిస్టర్స్, 1993 నాటి మేహెమ్ ఇన్ మాన్‌స్టర్‌ల్యాండ్, 2017 చివర్లో వచ్చిన సామ్స్ జర్నీ. చివరి సంవత్సరం అచ్చుతప్పు కాదు, ఆ మిషన్‌కు ఇప్పటికీ కొత్త గేములు వస్తున్నాయి.

మూడింటినీ పోల్చేముందు ఆ మిషన్ కష్టం ఒకటి తెలియాలి. మారియో ఆడిన డబ్బాలో తెరను పక్కకు జరిపే పని గ్రాఫిక్స్ చిప్పే చూసుకుంటుంది. కమోడోర్ చిప్ తెరను ఏడు పిక్సెళ్ల దాకానే జరపగలదు. ఎనిమిదోది రాగానే తెరమీద ఉన్న గళ్లన్నీ, అంటే 40 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు, మొత్తం 1000 గళ్లు, ప్రాసెసరే ఒక్కొక్కటిగా ఎత్తి పక్క గడిలో పెట్టాలి. వాటి రంగులు ఇంకో 1000. ఒక్కో గడికి మామూలుగా ఎనిమిది సైకిళ్లు, అంటే ప్రాసెసర్ గడియారం కొట్టే టిక్కులు, పడతాయి. రెండూ కలిపితే 16,000. యూరప్ టీవీలో ఒక ఫ్రేమ్‌కు, అంటే తెరను ఒకసారి గీసేలోపు, దొరికే సైకిళ్లు 19,656 మాత్రమే, అందులోనూ కొన్ని గ్రాఫిక్స్ చిప్ లాగేసుకుంటుంది. మరి శత్రువుల్ని నడిపేదెప్పుడు, పాట వాయించేదెప్పుడు? గళ్ల పనిని కాస్త ముందునుంచే వేరే చోట తయారు చేసి పెట్టుకోవచ్చు. రంగుల మెమరీ ఉండేది మాత్రం ఒక్కచోటే, దాన్ని అప్పటికప్పుడు మార్చాల్సిందే. అందుకే చాలా గేములు తెరంతా ఒకే రంగు నింపేసి ఆ పని తప్పించుకున్నాయి.

ఉన్న ఆ కాస్త సమయాన్ని ఎవరు దేనికి ఖర్చుపెట్టారు అన్నదే నా దృష్టిలో ఈ మూడింటికీ అసలు తేడా.

జియానా జర్మనీ గేమ్. రెయిన్‌బో ఆర్ట్స్ విడుదల చేసింది. మొన్న ఆదివారం మా అక్క కూతురికి ఇచ్చి చూశాను. మొదటి లెవెల్ సగం కూడా అవకముందే, "మామయ్యా, ఇది మారియోనే కదా, అమ్మాయి బొమ్మ పెట్టారంతే" అంది. నిజమే. ఇటుకలు, వాటి అమరిక, మొదట్లో ఎదురయ్యే శత్రువులు అన్నీ అవే. ఇక మారియో అన్నదమ్ముల కథ ముగిసిందని అట్టమీదే వేసుకున్నారు కూడా. ఆ పోలిక వల్లే వచ్చిన కొద్దికాలానికి అమ్మకాలు ఆపేయాల్సి వచ్చింది. మొత్తం 32 లెవెళ్లు. పోలిక ఎంత ఉన్నా ఆడుతుంటే చెయ్యి మాత్రం వేరేలా పనిచేయాలి. జాయ్‌స్టిక్‌కు ఉన్నది ఒక్కటే బటన్, అది పేల్చడానికి. దూకాలంటే కర్రను పైకి తొయ్యాలి. అంటే నడిపే చెయ్యే దూకించాలి. మారియోలో బొటనవేలు బటన్ మీద పెట్టుకుని ఆడిన అలవాటు ఇక్కడ పనికిరాదు. గుంట అంచున కుడికి, పైకి కలిపి నొక్కబోయి మా మేనకోడలు నాలుగుసార్లు పడిపోయింది. అయినా వదల్లేదు, పాట కోసం. క్రిస్ హ్యూల్స్‌బెక్ కట్టిన టైటిల్ పాటకు ఆ కంప్యూటర్ ఇచ్చింది ఒకేసారి మోగగల మూడు గొంతులే. అందులోనే బాస్, తాళం, రాగం అన్నీ వినిపిస్తాయి. గేమ్ మొదలుపెట్టకుండా ఆ పాట ఒక్కటే వింటూ కూర్చున్న రాత్రులు నాకున్నాయి.

మేహెమ్ దగ్గరికొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. జాన్, స్టీవ్ రోలండ్స్ అనే ఇద్దరు అన్నదమ్ములు చేశారు. వాళ్లు 1000 గళ్లను ఎత్తి పెట్టడమే మానేశారు. గ్రాఫిక్స్ చిప్ ఒక వరసను చదవడం మొదలుపెట్టే క్షణాన్ని, ఒక్క సైకిల్ కూడా తేడా రాకుండా, కాస్త ఆలస్యం చేస్తే చిప్ తెరనంతా పక్కకు జరిపి చూపిస్తుంది. రంగులు కూడా దాంతోపాటే జరుగుతాయి. కొత్తగా వచ్చే అంచు ఒక్కటి గీస్తే చాలు. అలా మిగిలిన సమయమంతా వేగానికి వెళ్లింది. పసుపు డైనోసార్ ఊపందుకుంటే తెర మీది అన్ని రంగుల మధ్యా దూసుకుపోతుంది, ఎక్కడా కుదుపు ఉండదు. ఒక్కో లోకాన్నీ రెండుసార్లు ఆడాలి: ముందు దిగులు రంగుల్లో, మాయాధూళి పోగుచేసి దాన్ని సంతోషపెట్టాక వెలుగు రంగుల్లో. కమోడోర్ ఫార్మాట్ పత్రిక నూటికి నూరు మార్కులు వేసింది. నేనైతే నూరు వెయ్యను. లోకాలు ఐదే, చేతి వేగం వచ్చాక త్వరగా అయిపోతాయి. పైగా ఆ కిటుకు అన్ని అసలు కమోడోర్లకూ పడదు, కొన్నింటిలో మెమరీ చెదిరి గేమ్ ఆగిపోతుంది. ఎమ్యులేటర్‌లో ఆ టెన్షన్ లేదు.

సామ్స్ జర్నీ చేసింది నైట్స్ ఆఫ్ బైట్స్ అనే చిన్న జర్మన్ బృందం. ఇందులో తెర పక్కకే కాదు, పైకీ కిందికీ కూడా జరుగుతుంది. మేహెమ్ అంత వేగం లేదు. ఆ సమయాన్ని వీళ్లు లెవెళ్లలో చేయగలిగే పనులకు పెట్టారు. సామ్ వస్తువుల్ని ఎత్తుకుని విసరగలడు. నింజా వేషం దొరికితే గోడలెక్కుతాడు, రక్తపిశాచి వేషంలో గబ్బిలమై ఎగురుతాడు. ఒకసారి దాటిన లెవెల్‌కే వేరే వేషంలో వెళ్తే, మొదట కళ్లకు కనిపించినా అందని మూల అందుతుంది. దూకడం ఎంత కచ్చితంగా ఉంటుందంటే, పడిపోతే తప్పు మనదేనని మనకే తెలుస్తుంది. ఆ పిల్ల జియానాను గంటలో, మేహెమ్‌ను ఇంకా తొందరగా పక్కన పెట్టింది. సామ్ మొదలుపెట్టాక భోజనానికి మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

కాబట్టి ముందు సామ్. ఈ గేములు మొదటిసారి ఆడేవాళ్లకు నేను ఇంకో మాట చెప్పను. ఆ మిషన్ లోపలి సంగతుల మీద ఇష్టమున్నవాళ్లు మాత్రం మేహెమ్ దగ్గర ఆగిపోతారు, నేను ఆగిపోయినట్టే. మారియో జ్ఞాపకాల కోసం ఒక్క సాయంత్రమే ఉందనుకుంటే జియానా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.

సామ్ చేసినవాళ్లు దాన్ని ఇప్పటికీ అమ్ముతున్నారు, దయచేసి కొనుక్కుని ఆడండి. వైస్‌లో మిషన్ రకం పాల్ (PAL, యూరప్ టీవీల పద్ధతి) అని పెట్టుకోవడం మరచిపోవద్దు. జియానా, మేహెమ్ రెండూ సెకనుకు 50 ఫ్రేముల యూరప్ టీవీల కోసం చేసినవి. అమెరికా రకం పెడితే జియానా పాట పరుగెత్తినట్టు వినిపిస్తుంది.