కొబ్బరి తెల్లదోమకు ఇసారియా పొడి: వాడి చూసిన మీదట

సర్పిలాకార తెల్లదోమ సోకిన కొబ్బరి తోటకు ఇసారియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రపు పొడి కొనవచ్చా అని అడిగేవారికి, సాయంత్రం పూట ఆకుల అడుగు భాగం పూర్తిగా తడిసేలా పిచికారీ చేయించగలిగితే తప్పక కొనండి, లేకుంటే వద్దు అని చెబుతాను.

మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన ఈ దోమ మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడి, కొద్ది కాలానికే గోదావరి జిల్లాలకు చేరింది. మట్టల అడుగున చుట్టలు చుట్టలుగా గుడ్లు పెట్టి, రసం పీల్చి, తేనెలాంటి జిగురును విసర్జిస్తుంది. ఆ జిగురు కింది మట్టల మీద, అంతర పంటలైన అరటి, కోకో ఆకుల మీద పడితే దానిపై నల్లని మసి తెగులు పేరుకుంటుంది. రసాయన మందులు కొడితే, తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే ఎన్కార్సియా అనే చిన్న మిత్ర కీటకం కూడా నశిస్తుంది కనుక, దోమ మళ్లీ పెరిగినప్పుడు అడ్డుకునేది ఏదీ మిగలదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం రైతులకు పరిచయం చేసిన ఇసారియాను నేను ఎంచుకోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ పొడిలో ఉండేవి కంటికి కనిపించని శిలీంధ్ర బీజాలు. అవి దోమ ఒంటికి అంటుకుని, తేమ దొరికితే మొలకెత్తి, పైపొరను కరిగించుకుని లోపలికి చొచ్చుకుపోయి, ఒంట్లోని పోషకాలతోనే పెరిగి దానిని చంపుతాయి. దోమ ఈ మందును తినవలసిన పని లేదు, తగిలితే చాలు; అయితే తగలాలి. లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున, కొద్దిగా సబ్బు పొడి కలిపి కొట్టించాము. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు బీజాలు చచ్చిపోతాయి కాబట్టి మిట్టమధ్యాహ్నం కొట్టించడం డబ్బు వృథా. ఫలితం మరునాడే కనిపించదు. రోజులు గడిచేకొద్దీ పిల్లపురుగులు ఎండి ముడుచుకుపోవడం, కొత్త మట్టలపై జిగురు తగ్గడం గమనించాము. పాత మట్టలపై పట్టిన మసి మాత్రం ఈ మందుతో పోదు.

మంచు, తేమ ఉన్న రోజుల్లో, చేతికందే ఎత్తులోని పొట్టి చెట్లపై పనితనం చాలా బాగుంది. పొడవైన దేశవాళీ చెట్లకు శక్తిమంతమైన స్ప్రేయరూ, అనుభవమున్న మనిషీ కావాలి. మందు ఖర్చుకంటే కూలి ఖర్చే రైతును వెనక్కి లాగుతుంది. నడి వేసవిలో, గాలిలో తేమ లేనప్పుడు, ఫలితం అంతంతమాత్రమే.

నాణ్యత విషయంలో నా అసంతృప్తి వేరు. ఇది ప్రాణమున్న సరుకు, వేడికి పాడైపోతుంది. ఒక దుకాణంలో ఎండ తగిలే అరలో పెట్టి, తయారీ తేదీ చెరిగిపోయిన ప్యాకెట్టును నాకు అమ్మజూపారు, నేను తీసుకోలేదు. తయారీ తేదీ, గ్రాముకు బీజాల సంఖ్య స్పష్టంగా అచ్చయి, నీడలో నిల్వ చేసిన సరుకునే కొనండి. శిలీంధ్ర నాశక మందులను దీనితో కలపకండి. మొవ్వుకుళ్లు తెగులుకు రాగి మందు (అదీ శిలీంధ్ర నాశకమే) వేయవలసి వస్తే, రెండింటి మధ్య తగిన వ్యవధి ఇవ్వండి.