పగలంతా పస్తు, సాయంత్రం స్వీటు: మా వైపు నడుస్తున్న ఒక ఫాస్టింగ్ ప్యాకేజీ రివ్యూ

మా కోనసీమలో ఇప్పుడు వాట్సాప్‌లో నడిచే డైట్ ప్యాకేజీలు బాగా ఎక్కువైపోయాయండీ. అలాంటిదాన్లో మా వదినా నేనూ నెలకి జాయిన్ అయ్యాం, పేరు రాయట్లేదు, ఇదే ప్లాన్ రకరకాల పేర్లతో చాలామంది నడుపుతున్నారు. రాత్రి భోజనం అయ్యాక మళ్ళీ మర్నాడు సాయంత్రం నాలుగు దాకా నీళ్ళు, జీలకర్ర నీళ్ళు, బ్లాక్ కాఫీ అంతే. నాలుగింటికి వాళ్ళే అమ్మే ఖర్జూరం బెల్లం లడ్డూలు, తేనె కలిపిన అరటిపండు మిల్క్‌షేక్ పెద్ద గ్లాసుడు, ఏడులోపు భోజనం.

పొద్దున్నే యోగా క్లాసు మాత్రం నిజంగా బాగుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కుర్చీలో కూర్చోబెట్టి ఓపిగ్గా చేయించారు. మొదట్లో బరువు కూడా తగ్గింది.

గొడవంతా సాయంత్రం దగ్గరే. మా వదిన స్వీట్ల మనిషే కాదు, అలాంటిది రెండో వారానికొచ్చేసరికి మూడున్నర నుంచే గడియారం చూడటం, లడ్డూలు అయిపోయాక ఆత్రేయపురం నుంచి చుట్టాలు తెచ్చిన పూతరేకుల డబ్బా తీసి, కాగితం కూడా సరిగ్గా విప్పకుండా నిలబడే ఒకదాని తర్వాత ఒకటి తినేసింది, పెదాల మీద బెల్లంపొడి అలాగే ఉంది, కళ్ళల్లో నీళ్ళు. గ్రూపులో చెప్తే కోచ్ మేడమ్ "మీకు నోరు కట్టుకోవడం రాదండీ" అని అందరి ముందూ పెట్టేసింది. నాకు బాధేసింది అక్కడే, ఎందుకంటే ఇది నోరు కట్టుకోవడం గురించి కాదు.

మెదడులో మ్యూ ఓపియాయిడ్ రిసెప్టర్లని ఉంటాయి, అంటే కొన్ని రసాయనాలు వచ్చి అతుక్కునే చోట్లు. మార్ఫిన్ వెళ్ళి పట్టుకునేది వాటినే, కానీ అసలు మన ఒంట్లో తయారయ్యే ఎండార్ఫిన్ల లాంటివి పనిచేసేది వాటి మీదే, తిండి కమ్మగా అనిపించడంలో వీటి పాత్ర చాలా ఉంది. అమెరికాలో ప్రిన్‌స్టన్ యూనివర్సిటీలో బార్ట్ హోబెల్ ల్యాబ్ వాళ్ళు 2001, 2002లో పేపర్లు వేశారు. ఎలుకలకి రోజూ 12 గంటలు తిండి ఆపేసి, తర్వాత 12 గంటలు మేతతో పాటు గ్లూకోజ్ నీళ్ళు పెట్టారు. కొన్నాళ్ళకే అవి తాగేది రెట్టింపయ్యింది, పెట్టిన మొదటి గంటలోనే ఎగబడి తాగడం. నెల తర్వాత చూస్తే మెదడులో ఆనందానికి సంబంధించిన న్యూక్లియస్ అక్యుంబెన్స్ లాంటి చోట్ల మ్యూ రిసెప్టర్ల బైండింగ్ (రసాయనం వాటికి అతుక్కోవడం) పెరిగింది, ఆ రిసెప్టర్లని అడ్డుకునే నలాక్సోన్ ఇస్తే పళ్ళు టకటకలాడటం, ముందుకాళ్ళు వణకడం, అంటే మత్తుమందు మానేసినప్పుడు వచ్చే లక్షణాలు. పస్తు, ఆ వెంటనే తీపి, రోజూ అదే వరస. మన ప్యాకేజీ టైంటేబుల్ పక్కన పెట్టి చూడండి.

మనుషులకీ అచ్చం అలాగే జరుగుతుందని అనట్లేదు. 2005లో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు బులీమియా (ఆబగా తినేసి, తర్వాత వాంతి చేసుకోవడం, పస్తుండటం లాంటివి చేసే జబ్బు) ఉన్న ఆడవాళ్ళ మెదడుకి పెట్ స్కాన్ తీస్తే ఇన్సులా అనే భాగంలో ఈ బైండింగ్ తక్కువుంది, పస్తులు ఎక్కువున్నవాళ్ళలో ఇంకా తక్కువ. ఎలుకల్లో పెరిగింది, ఇక్కడ తగ్గింది, కాబట్టి లెక్క అంత సింపుల్ కాదు, కానీ కడుపు మాడ్చుకోవడానికీ ఈ రిసెప్టర్లకీ లింకైతే ఉంది. అది తెలియకుండా మనిషిని పట్టుకుని నీకు కంట్రోల్ లేదనడం అన్యాయమండీ.

ఇంకో పెద్ద తప్పు, జాయిన్ అయ్యేటప్పుడు షుగర్ మాత్రలు వేసుకుంటున్నారా అని ఒక్కమాట అడగలేదు. గ్లిమెపిరైడ్ లాంటిది వేసుకుని అంతసేపు తినకపోతే షుగర్ పడిపోయి కళ్ళు తిరిగి పడిపోవచ్చు, మా బ్యాచ్‌లో పెద్దవాళ్ళు చాలామందే ఉన్నారు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళెవరూ డాక్టర్‌ని అడక్కుండా ఇందులో చేరొద్దు.

ఫిన్లాండ్‌లో తుర్కు యూనివర్సిటీ వాళ్ళు 2017లో చూపించింది నాకు బాగా నచ్చింది, పిజ్జా తిన్నా రుచీపచీ లేని న్యూట్రిషన్ డ్రింక్ తాగినా మెదడులో ఓపియాయిడ్లు విడుదలయ్యాయి. అంటే కడుపు నిండటానికే మెదడు స్పందిస్తోంది, దానికి లడ్డూలే అక్కర్లేదు. వదిన ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకి పప్పు, బెండకాయ వేపుడు, పెరుగుతో తింటోంది, సాయంత్రం ఆ ఆత్రం బాగా తగ్గింది, యోగా ఇంట్లోనే చేసుకుంటోంది.

మిగిలిన రోజుల డబ్బులు అడిగితే రిఫండ్ లేదు, వచ్చే నెల బ్యాచ్‌కి మారుస్తాం అన్నారు, మేం వద్దనేశాం. యోగా ఒక్కటే విడిగా పెడితే మాత్రం రేపే చేరతాను.