ఎన్‌హెచ్‌ఎస్ ఆపరేషన్ వెయిటింగ్ లిస్టు: ఒక రోగి కుటుంబం సమీక్ష

ముందుగా తేదీ నిర్ణయించి చేసే ఆపరేషన్ల కోసం ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ నిర్వహించే వెయిటింగ్ లిస్టుకు నేను ఐదు నక్షత్రాలకు మూడు ఇస్తున్నాను. మా వారి పిత్తాశయంలో రాళ్లు చేరడంతో, దాన్ని తొలగించే ఆపరేషన్ కోసం మేము ఈ జాబితాలో చాలా నెలలు ఉన్నాము. సర్జన్లూ నర్సులూ చేసిన వైద్యం ఎంతో బాగుంది. రోగి వారి చేతికి అందేలోపు నడిచే వ్యవహారాన్ని మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

ఈ సేవకు ఆధారం 18 వారాల నియమం. జీపీ, అంటే మన కుటుంబ వైద్యులు, స్పెషలిస్టుకు చూపించమని పంపిన రిఫరల్ ఆసుపత్రికి అందినప్పటి నుంచి లెక్క మొదలవుతుంది. చికిత్స మొదలైనప్పుడో, చికిత్స అవసరం లేదని తేలినప్పుడో అది ఆగుతుంది. జాబితాలో ఉన్నవారిలో నూటికి 92 మంది 18 వారాలకు మించి వేచి ఉండకూడదన్నది ప్రమాణం. మన వాళ్లలో చాలామంది సర్జన్ ఆపరేషన్ చేద్దామన్న రోజు నుంచి వారాలు లెక్కపెట్టుకుంటారు. స్పెషలిస్టు అపాయింట్‌మెంటుకూ, స్కానింగులకూ పట్టిన కాలం కూడా ఇందులో భాగమే కాబట్టి, రిఫరల్ తేదీ ఉన్న ఉత్తరాన్ని భద్రపరచుకోవాలి. 18 వారాలు దాటేలా ఉంటే, త్వరగా చేయగల మరో ఆసుపత్రిని చూపించమని అడిగే హక్కు రోగికి ఉంది. ఆ హక్కు సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేమే చదివి తెలుసుకున్నాము.

ఆ ప్రమాణం 2016 తరువాత దేశం మొత్తం మీద నెరవేరలేదు. కోవిడ్ కాలంలో ఆగిపోయిన ఆపరేషన్లు కూడా తోడై, 2023 సెప్టెంబరు నాటికి జాబితా 77 లక్షలు దాటింది. ఇది చికిత్సల లెక్క. మోకాలికీ కంటికీ విడివిడిగా వేచి ఉన్నవారు రెండుసార్లు లెక్కకు వస్తారు. 2029 మార్చి నాటికి తిరిగి 92 శాతానికి చేరుస్తామని ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించింది. తనకు ఇంత ఇబ్బంది కలిగించే అంకెలను సైతం ఆసుపత్రుల వారీగా, విభాగాల వారీగా నెలనెలా ప్రచురించడం ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చింది.

వరస నిర్ణయించేటప్పుడు ఎవరు ముందు వచ్చారన్నదాని కన్నా జబ్బు తీవ్రతను ముందు చూస్తారు. 2020లో సర్జన్ల సంఘాలు రూపొందించిన వర్గీకరణలో అత్యవసరమైనవి మొదటి శ్రేణి, నెలలోపు చేయవలసినవి రెండవది, మూడు నెలలలోపు చేయవలసినవి మూడవది, అంతకు మించి ఆగగలిగినవి నాలుగవది. మా వారిది ఏ శ్రేణో ఉత్తరాల్లో ఎక్కడా లేదు. సర్జన్ సెక్రటరీకి ఫోన్ చేసి అడిగితే మర్యాదగా చెప్పారు. మధ్యలో నొప్పి పెరిగి ఎమర్జెన్సీకి వెళ్లవలసి వచ్చినప్పుడు, జీపీ రాసిన ఉత్తరంతో ఆ శ్రేణి మారింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ తేదీ కోసం తెలిసినవారితో ఫోన్ చేయించడం, ఎమ్మెల్యే దగ్గర లేఖ తెచ్చుకోవడం చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి, ఎవరి సిఫారసూ లేకుండా జబ్బు తీవ్రతను బట్టే మా వరస మారడం నాకు ఎంతో ఊరట కలిగించింది.

ఏ ఆసుపత్రికి వెళ్లాలో రిఫరల్ సమయంలోనే ఎంచుకోవచ్చు. ఎన్‌హెచ్‌ఎస్‌తో ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రిని ఎంచుకున్నా రోగి డబ్బు కట్టనక్కరలేదు. అయితే ఐసీయూ లేని చోట్ల ఇతర జబ్బులు ఎక్కువగా ఉన్నవారిని తీసుకోరు. మనవాళ్లలో మధుమేహం ఎక్కువ కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. ముందే నిర్ణయించిన ఆపరేషన్లకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) 8.5 శాతం లోపు ఉండాలని ఇక్కడి మార్గదర్శకాలు సూచిస్తాయి. అంతకు మించి ఉంటే ఆపరేషన్‌కు ముందు చేసే ప్రీ-ఆప్ పరీక్షలోనే వాయిదా పడవచ్చు కాబట్టి, జాబితాలో పేరు చేరిన నాటి నుంచే షుగర్ అదుపులో పెట్టుకోవాలి.

ఇక రెండు నక్షత్రాలు తగ్గించడానికి కారణం. వేచి ఉన్నవారిని పన్నెండు వారాలకోసారి సంప్రదించి, చికిత్స ఇంకా కావాలా అని కనుక్కోవాలని ఆసుపత్రులకు సూచనలు ఉన్నాయి. ఉద్దేశం మంచిదే. మా ఆసుపత్రి మాత్రం ఆ ప్రశ్నను ఒక లింకుతో కూడిన ఫోన్ మెసేజిగా పంపి ఊరుకుంది. బ్యాంకు మోసాలకు భయపడి తెలియని లింకులు తెరవకూడదని అందరికీ చెబుతున్న రోజులివి. సహజంగానే మా వారు దాన్ని తెరవలేదు. కొద్ది రోజులకు, స్పందన లేనందున పేరు తొలగించి జీపీకి తిప్పి పంపుతున్నామని ఉత్తరం వచ్చింది. ఫోన్ చేసి గట్టిగా అడిగాక పాత తేదీతోనే పేరు తిరిగి చేర్చారు. ఇంగ్లీషులో అలా అడగలేని పెద్దవారి పరిస్థితి ఏమిటి? అపాయింట్‌మెంట్లకు ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేసే వ్యవస్థ, ఒక మనిషి పేరు కొట్టివేసే ముందు ఆ మనిషితో ఒక్కసారి మాట్లాడలేదా? ఇది తప్పనిసరి చేయవలసిన విషయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆపరేషన్ రోజు ఉదయం పడక ఖాళీ లేదని ఒకసారి మమ్మల్ని వెనక్కి పంపారు. వైద్యేతర కారణాలతో చివరి నిమిషంలో ఆసుపత్రే రద్దు చేస్తే, 28 రోజులలోపు మరో తేదీ ఇవ్వాలన్నది నియమం. దాన్ని గుర్తుచేశాక గడువులోపే తేదీ దొరికింది. చలికాలంలో ఎమర్జెన్సీ రోగులతో వార్డులు నిండిపోవడం వల్ల ఇలాంటి రద్దులు పెరుగుతాయి. అందుకే ముందే నిర్ణయించిన ఆపరేషన్లను విడిగా చేసే సర్జికల్ హబ్‌లను ఇంగ్లండ్‌లో వందకు పైగా ఏర్పాటు చేశారు. మీకు డిసెంబరులోనో జనవరిలోనో తేదీ ఇస్తే, అది హబ్‌లోనా, ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రిలోనా అని ఫోన్ పెట్టేసే ముందే అడగండి. వేరొకరి తేదీ రద్దయితే ఒకటి రెండు రోజుల వ్యవధిలో రాగలమని కూడా అప్పుడే నమోదు చేయించుకోండి.