నల్ల గోళీలు అవే, వజ్రం కదల్లేదు, గ్రాఫైట్ జారిపోయింది: మాలిక్యులర్ మోడల్ కిట్ రివ్యూ

మావాడికి కెమిస్ట్రీ బుర్రకెక్కట్లేదని కొన్న కిట్ ఇది, రెండు వారాలుగా వాడికంటే నేనే ఎక్కువ ఆడుతున్నా. డబ్బాలో పరమాణువుల బదులు బొక్కలున్న ప్లాస్టిక్ గోళీలు, వాటిని కలిపే బంధాల (బాండ్ల) బదులు పుల్లలు, రెండు పరమాణువుల మధ్య రెండు బంధాలుండే డబుల్ బాండ్ కోసం వంగే పొడుగు పుల్లలు, అంతే. కార్బన్ నలుపు, ఆక్సిజన్ ఎరుపు, హైడ్రోజన్ తెలుపు. ఈ రంగుల అలవాటు పాతదే, 1865లో హాఫ్‌మన్ అనే కెమిస్ట్ లండన్ లెక్చర్‌లో క్రోకే ఆట బంతులకి రంగులేసి చూపించాడు, కాకపోతే ఆయన మీథేన్ (ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు) మోడల్ చదునుగా ఉండేది, కార్బన్ బాండ్లు చదునుగా కాకుండా నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఆకారం మూలలకి పోతాయని వాంట్ హాఫ్ అనే ఇంకో కెమిస్ట్ చెప్పింది 1874లో.

అసలు మజా వజ్రం కట్టినప్పుడు వచ్చింది. నల్ల గోళీకి నాలుగు బొక్కలు, ఏ రెండు పుల్లల మధ్య చూసినా 109.5 డిగ్రీలు. ఓ ముప్ఫై గోళీలు కలిపి పిడికిట్లో పెట్టి నొక్కా, ఎటు నొక్కినా కదలదే, ఏ వైపు తోసినా ఏదో ఒక పుల్ల అడ్డం పడుతోంది. తర్వాత మూడు బొక్కల నల్ల గోళీలతో తేనెపట్టులా షీట్లు కట్టి, మధ్యలో పుల్లలు పెట్టమని కాగితంలో ఉన్నా పెట్టకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి పైదాన్ని వేలితో తోస్తే సర్రున జారింది, పెన్సిల్ కాగితం మీద చేసే పని ఇదే కదా అనిపించింది. నిజం గ్రాఫైట్‌లో షీటు లోపల పక్క పక్క పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు, షీటుకీ షీటుకీ మధ్య 0.335, అక్కడ పట్టు అంత బలహీనం. రెండూ కార్బనే, తేడా అంతా ఎవరు ఎవర్ని పట్టుకున్నారు అన్న దాన్లోనే ఉందని మావాడు తనంతట తనే అన్నాడు, నాకు అది చాలు.

ఇక చిరాకు సంగతి. అన్ని బంధాలకీ ఒకటే పుల్ల! ఉప్పు మోడల్‌లో సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు బాగానే పెట్టారు, కానీ అక్కడ పుల్లల్లాంటివేం ఉండవు, ప్లస్ మైనస్ చార్జీలు అన్ని వైపులా లాక్కుంటుంటాయి. ఉప్పు స్ఫటికం మీద సుత్తితో కొడితే ఒక వరస జరిగి ప్లస్ ఎదురుగా ప్లస్ వచ్చి తోసుకుంటాయి, నున్నగా చీలిపోతుంది, ఇది ఈ కిట్‌తో చచ్చినా చూపించలేం. మెటల్స్ అయితే అసలు లేనే లేవు. రాగిలో ఎలక్ట్రాన్లు అందరి సొత్తు, వరస జరిగినా జిగురు పోదు కాబట్టి తీగలా సాగుతుంది, చివరికి మామూలు గోలీలు పళ్ళెంలో పోసి వరసలు జరిపి చెప్పాల్సొచ్చింది.

ఐస్ మాత్రం సూపర్, కట్టడానికి గంట పట్టింది, కన్ను పెట్టి చూస్తే ఆరు పలకల సొరంగం అటు చివరిదాకా కనిపిస్తుంది. అంత ఖాళీ ఉంది కాబట్టే ఐస్ సాంద్రత ఘన సెంటీమీటరుకి 0.917 గ్రాములే, నీళ్ళలో తేలుతుంది. ఒక నీటి అణువు పక్క అణువుని పట్టుకునే హైడ్రోజన్ బాండ్‌కి కూడా అదే పుల్ల ఇచ్చారు, దానికి వేరే రంగన్నా ఇచ్చుంటే బాగుండేది.

క్వాలిటీకి మార్కులు కట్. వంగే పుల్లలు రెండు మూడు సార్లకే వంపు దగ్గర తెల్లబడి, ఆ తర్వాత విరుగుతున్నాయి. ఆ తెలుపు కూడా మన సబ్జెక్టే అనుకోండి, ప్లాస్టిక్‌లో పొడుగాటి గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకునేది వదులుగానే, వంచితే మధ్యలో కంటికి కనపడనంత సన్న ఖాళీలు పడి వెలుతుర్ని చెదరగొడతాయి. పదకొండు పుల్లలు పోయాయి, కంపెనీకి మెయిల్ పెడితే ఉలుకూ లేదు పలుకూ లేదు. నా రేటింగ్ ఐదుకి మూడున్నర. కొనేవాళ్ళు పుల్లని పక్కకి వంచి పీకకండి, నిటారుగా లాగండి.