అమలాపురంలో దొరికే లా ఫాలెట్ నోట్సు: కొనేముందు చూసుకోవాల్సినవి

ఎం.ఏ. పొలిటికల్ సైన్సు వాళ్ళ కోసం అమలాపురం, కాకినాడ జిరాక్సు షాపుల్లో అమ్ముతున్న స్పైరల్ నోట్సు ఇది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి ఒకప్పటి గవర్నరు రాబర్ట్ లా ఫాలెట్ రాజకీయ జీవితం 48 పేజీల్లో, 80 రూపాయలకి.

బాగా రాసింది ప్రైమరీ ఎన్నికల (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికల) భాగం. లా ఫాలెట్ 1896లో, 1898లో గవర్నరు టికెట్ అడిగి రిపబ్లికన్ పార్టీ మహాసభలో భంగపడ్డాడు, 1900లో గెలిచాడు. మన దగ్గర బి-ఫారం ఎవరికిస్తారో ఆఖరి రోజు దాకా తేలనట్టే, అక్కడా ప్రతినిధుల వెనకున్న పెద్దలదే పెత్తనం. అభ్యర్థిని నేరుగా ఓటర్లే ఎంచుకోవాలని ఆయన ఎందుకు పట్టుబట్టాడో ఇది చదివితే అర్థమవుతుంది. ఒక్క లోటు: ప్రైమరీ చట్టం 1903 అని రాసి వదిలేశారు. శాసనసభ ఆమోదం 1903, ప్రజాభిప్రాయ సేకరణలో నెగ్గింది 1904 నవంబరులో. రెండూ రాసుకోండి.

రైల్వే పేజీ గందరగోళం. రైలు కంపెనీలకు రాబడి మీద కాక ఆస్తి విలువ మీద పన్ను వేసింది 1903లో, ఛార్జీలను అదుపు చేసే కమిషన్ వచ్చింది 1905లో. నోట్సులో రెండూ ఒకే చట్టం! జతపరచండి ప్రశ్నలో మార్కు పోయేది ఇక్కడే.

అసలు తప్పు 31వ పేజీలో ఉంది. ఆదాయపు పన్ను, కార్మికుల నష్టపరిహారం చట్టాలను కూడా ఆయన ఖాతాలో వేశారు. అవి 1911 నాటివి, అప్పటి గవర్నరు ఫ్రాన్సిస్ మెక్‌గవర్న్. లా ఫాలెట్ అప్పటికే సెనేటులో (అమెరికా పార్లమెంటు ఎగువసభలో) ఉన్నాడు. ఆ సెనేటు సంగతీ సగమే చెప్పారు: శాసనసభ ఎన్నుకున్నది 1905లో, గవర్నరు పదవి వదిలి వెళ్ళింది 1906 జనవరిలో. అప్పట్లో సెనేటర్లను రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి, 1913 రాజ్యాంగ సవరణ దాకా.

1924 అధ్యక్ష పోటీ ఫరవాలేదు. గెలిచింది సొంత రాష్ట్రం ఒక్కటే, 13 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి తేల్చే, రాష్ట్రాల వారీ ఓట్లు).

ముద్రణ మాత్రం కాపీకి కాపీ. 3కీ 8కీ తేడా తెలియదు, అన్నీ సంవత్సరాలే ఉన్న పాఠంలో ఇది చిన్న విషయం కాదు. వానాకాలంలో కాగితం చెమ్మ పట్టి టోనర్ సరిగా అతుక్కోదు. షాపులోనే వేలితో రుద్ది చూడండి, రాలితే ఇంకో కాపీ అడగండి.