పాప్‌లోనే ఉండాలా, ఐమ్యాప్‌కు మారాలా? ఇంటి కంప్యూటరులో మెయిళ్లు దాచుకునేవారికి ఏది మేలు?

కంప్యూటరులో థండర్‌బర్డ్, అవుట్‌లుక్ వంటి మెయిలు ప్రోగ్రాము పెట్టుకుని, ఏళ్ల తరబడి పాప్ (సర్వరు నుంచి, అంటే మెయిలు సంస్థ కంప్యూటరు నుంచి, మెయిళ్లను మన కంప్యూటరులోకి దించే పద్ధతి) ఖాతాతో మెయిళ్లు దించుకుంటున్న మిత్రులు చాలామంది ఈమధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఫోనులోనూ అవే మెయిళ్లు కనబడాలంటే మెయిళ్లను సర్వరులోనే ఉంచి చూపే ఐమ్యాప్ పద్ధతికి మారక తప్పదా, మారితే ఇన్నేళ్లుగా కంప్యూటరులో పోగుపడినవి ఏమవుతాయి అన్నది వారి సందేహం. ఒక చిన్న పత్రికకు రచనలు వచ్చే మెయిలు ఖాతాను గత వేసవిలో నేనే పాప్ నుంచి ఐమ్యాప్‌కు మార్చాను కనుక, ఆ పనిలో తెలిసివచ్చిన సంగతులతోనే ఈ రెండింటినీ పోల్చి చూస్తాను.

పాప్ 1984లో రూపుదిద్దుకుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న మూడో రూపానికి ప్రమాణపత్రం 1996 నాటిది. ఫోను లైనుకు గంటల లెక్కన డబ్బు కట్టే రోజుల్లో, లైను కలిపి, మెయిళ్లన్నీ గబగబా దించుకుని, లైను తీసేసి తీరిగ్గా చదువుకోవడానికి అది చక్కగా సరిపోయింది. మన దేశంలో 1995 ఆగస్టు 15న ప్రభుత్వరంగ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి తెచ్చిన తరువాత మెయిలు అలవాటైనవారిలో చాలామందికి మొదట పరిచయమైన పద్ధతి ఇదే. ఐమ్యాప్‌ను 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ రూపొందించారు. అందులో మెయిలు సర్వరులోనే ఉంటుంది, మన కంప్యూటరూ ఫోనూ దానికి కిటికీల వంటివి. ఒకచోట చదివినది మరోచోట చదివినట్టే కనబడుతుంది, ఫోల్డర్లు అన్ని పరికరాల్లో ఒకే తీరుగా ఉంటాయి, ఫోను నుంచి పంపిన జవాబు కంప్యూటరులోనూ దొరుకుతుంది. పాప్‌లో ‘సర్వరులో ప్రతి ఉంచు’ అనే వెసులుబాటు ఉన్నా, ఫోల్డర్లు, చదివిన గుర్తులు, పంపిన మెయిళ్లు ఒక పరికరం నుంచి మరొక దానికి చేరవు. రెండు పరికరాలు వాడేవారికి ఇంతవరకు ఐమ్యాప్‌దే పైచేయి అని ఒప్పుకోవలసిందే.

అయితే మెయిళ్లను దాచుకోవాలనుకునేవారికి అసలు నిర్ణయాత్మకమైన అంశం వేరే ఉందని నా అభిప్రాయం. ఒకచోట చేసిన తొలగింపు ఎంతదూరం పోతుంది? పాప్‌లో దించుకున్న మెయిలు మన డిస్కులోని మన సొంత ప్రతి. ఆ తరువాత సర్వరులో ఎవరు దేనిని తుడిచివేసినా, ఖాతానే మూతపడినా ఆ ప్రతికి ఏమీ కాదు. ఐమ్యాప్‌లో కంప్యూటరులో కనబడే మెయిలు సర్వరుకు ప్రతిబింబం మాత్రమే. ‘ఆఫ్‌లైన్‌లో ఉంచు’ అని గుర్తు పెట్టుకున్నా, సర్వరులో పోయినది తరువాతిసారి నెట్టు కలిసినప్పుడు ఇక్కడా పోతుంది. మా పత్రికలో ఇదే జరిగింది. ఖాతా మారిన రెండు నెలలకు, సంపాదక వర్గంలో ఒకరు తమ ఫోనులో చోటు చాలక పాత మెయిళ్లను తొలగించారు. ఫోనులో తీసేస్తే ఫోనులోనే పోతాయని వారు నమ్మారు. మేము గమనించేసరికి నెల దాటిపోవడంతో చెత్తబుట్టలోనివి కూడా సర్వరు తుడిచివేసింది. పాప్ కాలంలో దించుకున్నవన్నీ విడిగా ఉన్నందువల్ల భద్రంగా మిగిలాయి గాని, ఆ రెండు నెలల్లో వచ్చిన కథలు కొన్నింటిని మళ్లీ పంపమని రచయితలను అడగవలసి వచ్చింది. అలా అడగడం ఎంత ఇబ్బందిగా ఉంటుందో పత్రిక నడిపినవారికి తెలుసు.

మనం తొలగించకపోయినా సర్వరులోని ప్రతి శాశ్వతమని అనుకోవడానికి వీల్లేదు. రెండేళ్లపాటు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ 2023లో ప్రకటించి, ఆ డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. కాలం చేసిన పెద్దల ఖాతాలో ఉత్తరాలున్నాయని ధీమాగా ఉన్న కుటుంబాలు ఈ మాటను ప్రత్యేకంగా గమనించాలి.

అందువల్ల నేను ఎంచుకున్నది, అడిగినవారికి చెబుతున్నది, నిత్యవ్యవహారానికి ఐమ్యాప్, దాచుకోవడానికి థండర్‌బర్డ్‌లోని ‘లోకల్ ఫోల్డర్స్’, అంటే మన డిస్కులోనే ఉండే ఫోల్డర్లు. లోకల్ ఫోల్డర్లలోకి జరిపిన మెయిలుకు సర్వరుతో సంబంధం తెగిపోతుంది కాబట్టి, పాప్ ఇచ్చే సొంత ప్రతి ఇక్కడా దక్కుతుంది, సర్వరులో చోటూ ఖాళీ అవుతుంది. ఖాతా అమరికలలో ‘కాపీలు, ఫోల్డర్లు’ అనే భాగంలో ఆర్కైవ్ (పాత మెయిళ్లను దాచే చోటు) ఎక్కడ ఉండాలో ఎంచుకునే వీలుంది. మనం మార్చకపోతే అది సర్వరులోనే ఏర్పడుతుంది కనుక దానిని తప్పక లోకల్ ఫోల్డర్లకు మార్చాలి. ఏడాదికొక ఫోల్డరు చొప్పున అమర్చుకుంటే, మెయిళ్లను ఎంచుకుని కీబోర్డు మీద ఇంగ్లీషు ‘ఏ’ (A) అక్షరం నొక్కినంతనే అవి ఆయా సంవత్సరాల కింద చేరతాయి. జీమెయిల్‌లోని ‘ఆర్కైవ్’ బొత్తాన్ని దీనితో పొరబడకూడదు. అది మెయిలును ఇన్‌బాక్స్ నుంచి పక్కకు తప్పిస్తుందే తప్ప కంప్యూటరులోకి తేదు, 15 జీబీ ఉచిత స్థలంలో ఒక్క ఎంబీ కూడా ఖాళీ చేయదు.

మార్పు చేసే క్రమం విషయంలో తొందర పనికిరాదు. ఉన్న పాప్ ఖాతాను ఐమ్యాప్‌గా మార్చే మీట థండర్‌బర్డ్‌లోనూ లేదు, అవుట్‌లుక్‌లోనూ లేదు. అదే చిరునామాతో కొత్తగా ఐమ్యాప్ ఖాతాను పక్కన చేర్చుకోవాలి. దానికన్నా ముందు థండర్‌బర్డ్‌ను మూసివేసి, మన మెయిళ్లూ అమరికలూ ఉండే దాని ప్రొఫైల్ ఫోల్డరు మొత్తాన్ని వేరే డిస్కుకు ఎక్కించుకుని, తరువాత పాప్ ఖాతాలోని ఇన్‌బాక్సు, పంపినవి, ఇతర ఫోల్డర్లను లోకల్ ఫోల్డర్లలోకి కాపీ చేసి, రెండుచోట్లా మెయిళ్ల సంఖ్య సరిపోయిందో లేదో చూసుకోవాలి. జరపడం కన్నా కాపీ చేయడమే క్షేమం, ఎందుకంటే మధ్యలో కరెంటు పోయినా మూలం చెక్కుచెదరదు. పాప్ ఖాతాను తీసివేసేటప్పుడు సందేశాల సమాచారాన్ని కూడా తొలగించాలా అని వచ్చే గడిలో పొరపాటున గుర్తు పెడితే ఆ ఖాతాలోని మెయిళ్లన్నీ డిస్కు నుంచి పోతాయి. నేనైతే కొత్త మెయిళ్లు రాకుండా అమర్చి, పాత ఖాతాను నెల రోజులు అలాగే ఉంచాను. జీమెయిల్ నుంచి పెద్దమొత్తంలో దించుకునేవారు ఐమ్యాప్‌కు రోజుకు 2,500 ఎంబీ పరిమితి ఉందని గుర్తుంచుకుని, ఒక్కో ఏడాదివి ఒక్కో రోజు దించుకోవడం మంచిది.

ఏ ఫైలుగా దాచుకుంటామన్నది తరువాతి ప్రశ్న. అవుట్‌లుక్ వాడే పీఎస్‌టీ ఫైలు దాదాపుగా అవుట్‌లుక్‌కే పరిమితం. పాతకాలపు పీఎస్‌టీ 2 జీబీకి చేరితే మొరాయించేది, ఇప్పటి రకానికి మామూలుగా 50 జీబీ హద్దు. థండర్‌బర్డ్ వాడే ఎంబాక్స్ సాదా పాఠ్యరూపం, అనేక ప్రోగ్రాములు దానిని చదవగలవు, కనుక నా మొగ్గు ఇటే. తెలుగువారికి ఇందులో ఒక మెలిక ఉంది. తెలుగు మెయిళ్ల పాఠం చాలావరకు బేస్64 వంటి సంకేత రూపంలోకి మారి ప్రయాణిస్తుంది కాబట్టి, ఎంబాక్స్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి తెలుగు మాట కోసం వెతికితే దొరకదు, మెయిలు పాడైందని కంగారుపడనక్కరలేదు. థండర్‌బర్డ్‌లో తెరిచి వెతికితే దొరుకుతుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పేజ్‌మేకర్ (పేజీలు అమర్చే ప్రోగ్రాము) ఫైళ్లు జతగా వచ్చిన పాత మెయిళ్లున్నవారు ఆ ఫాంట్లను కూడా ఆర్కైవ్ పక్కనే దాచుకోవాలి, లేకపోతే ఫైలు దొరికినా అక్షరం చదవలేరు.

ఇక ఆఫీసు ఇచ్చే ఎక్స్‌చేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిలు వ్యవస్థ) ఖాతా సంగతి ఆఫీసు నిబంధనలను బట్టి ఉంటుంది, మన ఇష్టానికి చోటు తక్కువ. గూగుల్ టేకవుట్ ద్వారా మొత్తం ఖాతాను ఎంబాక్స్‌గా ఒకేసారి తెచ్చుకోవచ్చు, ఖాతా మూసేముందు అది ఉపయోగమే. ముఖ్యమైన మెయిళ్లను పీడీఎఫ్‌గా మార్చుకోవడం నాలుగైదు ఉత్తరాలకైతే సరే.

ఒకే కంప్యూటరులో మెయిలు చూసుకుంటూ ఫోను జోలికి పోనివారు, వెబ్‌సైటుకు చోటిచ్చే హోస్టింగు సంస్థ ఇచ్చిన 1 జీబీ వంటి చిన్న చోటుతో నెట్టుకొచ్చేవారు పాప్‌లోనే ఉండటం తప్పేమీ కాదు. పాప్ అయినా లోకల్ ఫోల్డర్లయినా చివరికి ఒకే డిస్కులో ఉన్న ఒకే ప్రతి కనుక, ఆ డిస్కు పోతే అన్నీ పోతాయి. నేను మూడు నెలలకొకసారి ప్రొఫైల్ ఫోల్డరును రెండు బయటి డిస్కులకు ఎక్కించి, ఒకటి మా అన్నయ్య ఇంట్లో ఉంచుతున్నాను. మొన్న ఆ డిస్కునే వదినగారి ల్యాప్‌టాప్‌కు తగిలించి, నెట్టు తీసేసి, 2011లో ఒక రచయిత్రి పంపిన ఉత్తరాన్ని వెతికి చూశాను. జతచేసిన కథతో సహా తెరుచుకుంది.