865 మెగాహెర్ట్జ్‌లో నడిచే గేట్‌వేకి సర్కారు అప్రూవల్: ఏళ్ల తరబడి వాడి చూశాక

ఇండియాలో గేట్‌వే లాంటి వైర్‌లెస్ పెట్టె అమ్మాలంటే ముందుగా రెండు గడపలు దాటాలి. మొదటిది టెలికాం శాఖలో రేడియో తరంగాల వాడకాన్ని చూసే డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం ఇచ్చే ఈటీఏ, అంటే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్. ఇది రేడియోకి సంబంధించింది. రెండోది టెలికమ్యూనికేషన్ ఇంజినీరింగ్ సెంటర్ (టీఈసీ) నడిపే ఎంటీసీటీఈ, అంటే టెలికాం పరికరాలకు తప్పనిసరి పరీక్ష, సర్టిఫికెట్. ఇది పెట్టె మొత్తానికి సంబంధించింది: కరెంటు భద్రత, చుట్టుపక్కల పరికరాలకు అడ్డం పడే ఎలక్ట్రికల్ శబ్దం (నాయిస్), ఇంటర్‌ఫేస్‌లు అన్నీ ఇందులోకి వస్తాయి. అడాప్టర్‌కి బీఐఎస్ రిజిస్ట్రేషన్ వేరే. అది ఇప్పటికే రిజిస్టరైన అడాప్టర్ కొంటే తీరిపోతుంది కాబట్టి ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

ఈ సమీక్షకి లోరా (తక్కువ పవర్‌తో చాలా దూరం డేటా పంపే రేడియో), వైఫై, బ్లూటూత్ మూడూ ఉన్న ఐఓటీ గేట్‌వేని, అంటే సెన్సర్ల డేటాని పోగుచేసి ఇంటర్నెట్‌కి చేర్చే పెట్టెని, ఉదాహరణగా తీసుకున్నాం. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ మీటర్ల దగ్గర్నుంచి డేటా తెచ్చే రకం పెట్టె అనుకోండి. మూడు రేడియోలు, ఒక లాన్ పోర్టు, ఒక 12 వోల్టుల అడాప్టర్, స్తంభం మీద ఒక యాంటెన్నా. తప్పులు జరిగే చోట్లన్నీ ఈ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి.

ముందు ఈటీఏ. 2019లో సెల్ఫ్ డిక్లరేషన్ పద్ధతి వచ్చాక దీని తీరే మారిపోయింది. సరళ్ సంచార్ పోర్టల్‌లో కంపెనీ పేరుతో రిజిస్టర్ అవ్వాలి. మోడల్ వివరాలు, ఫ్రీక్వెన్సీ, పవర్, మాడ్యులేషన్ నింపి, గుర్తింపు ఉన్న ల్యాబ్ ఇచ్చిన ఆర్‌ఎఫ్ (రేడియో) టెస్ట్ రిపోర్టు ఎక్కించాలి. ఒక మోడల్‌కి 10,000 రూపాయల ఫీజు భారత్‌కోశ్ ద్వారా కట్టాలి. సర్టిఫికెట్ ‘ఈటీఏ-ఎస్‌డీ’తో మొదలయ్యే నంబరుతో వస్తుంది. చిన్న కంపెనీ ఏజెంటు లేకుండా సొంతంగా చేసుకోగలిగిన పని ఇది. ఈ విషయంలో దీనికి పూర్తి మార్కులు ఇస్తాం.

అయితే తేలిగ్గా వస్తోంది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. సెల్ఫ్ డిక్లరేషన్ అంటే రాసిన ప్రతి అంకెకీ బాధ్యత మీదే. రిపోర్టుకీ ఫారానికీ పొంతన లేకపోయినా సర్టిఫికెట్ చేతికి రావచ్చు. ఆ తేడా బయటపడేది సరుకు కస్టమ్స్‌లో ఆగినప్పుడో, పెద్ద కొనుగోలుదారు కాగితాలు అడిగినప్పుడో. అందుకే నింపేముందు రిపోర్టు పక్కన పెట్టుకుని వరస వరస సరిచూడాలి.

ఎక్కువమంది దెబ్బ తినేది లోరా దగ్గరే. మన దగ్గర లైసెన్సు అక్కర్లేని బ్యాండు మొదట 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకే ఉండేది. 2021 నిబంధనలతో 868 దాకా పెరిగింది. యూరప్ మాడ్యూళ్లలో ముందుగా పెట్టి ఉండే ఛానళ్లు 868.1, 868.3, 868.5. మూడూ మన గీత దాటాయి. అమెరికా రకం 902 నుంచి 928 వరకు నడుస్తుంది, అది ఇక్కడ అసలే కుదరదు. చిప్ ఒకటే కావచ్చు, కానీ 868.1 దగ్గర తీసిన యూరప్ రిపోర్టు ఇక్కడ 865కి చెల్లదు. ఇండియా కోసం ఉన్న లోరా ఛానళ్ల పట్టిక ఐఎన్865 ప్లాన్ ప్రకారం 865.0625, 865.4025, 865.985 మెగాహెర్ట్జ్ ఛానళ్ల మీద కొత్తగా టెస్టు చేయించాల్సిందే.

ఇంకో సంగతి. ఈ బ్యాండులో క్యారియర్ బ్యాండ్‌విడ్త్ 200 కిలోహెర్ట్జ్ దాటకూడదు. 125 కిలోహెర్ట్జ్ లోరాకి ఇబ్బంది లేదు. 250, 500 పెట్టుకునే వీలు చిప్‌లో ఉన్నా ఫర్మ్‌వేర్‌లో (పెట్టెలోపల నడిచే సాఫ్ట్‌వేర్‌లో) మూసేయాలి. ఐఎన్865 ప్లాన్‌లో 250 కిలోహెర్ట్జ్ డేటా రేటు లేనే లేదు. ఎక్కువ వేగం కావాలని కొందరు సొంతంగా 250కి మార్చుకుంటారు. ఆ క్షణం నుంచి చేతిలో ఉన్న ఈటీఏ ఆ పెట్టెకి వర్తించదు.

వైఫైలో చిక్కు ఇంకో రకం. 2.4 గిగాహెర్ట్జ్‌లో మనకు 2,400 నుంచి 2,483.5 మెగాహెర్ట్జ్ దాకా అనుమతి ఉంది, 2005 నోటిఫికేషన్ నుంచీ ఇదే లెక్క. అమెరికా రిపోర్టులు మామూలుగా 11వ ఛానల్ దగ్గర, అంటే 2,462 దగ్గర ఆగిపోతాయి. ఫారంలో 13 ఛానళ్లూ చూపించి, రిపోర్టులో 11 మాత్రమే ఉంటే పొంతన కుదరదు. ఈ బ్యాండుకి యూరప్ రిపోర్టు తీసుకోవడమే మేలు, అందులో 2,472 దాకా కొలతలు ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌కి 2018లో వచ్చిన నోటిఫికేషన్ 5,150–5,350, 5,470–5,725, 5,725–5,875 మెగాహెర్ట్జ్ ముక్కలు కలిపి 605 మెగాహెర్ట్జ్ వదిలింది. ఒక్కో ముక్కకి పవర్ పరిమితి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ముక్కల వారీగా రాయాలి, అన్నీ కలిపేసి ఒకే అంకె వేయకూడదు.

యాంటెన్నా సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే పొలం దగ్గర దీన్నే మార్చేస్తారు. 2.4లో ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్, యాంటెన్నాతో కలిపి 4 వాట్లు, అంటే 36 డీబీఎం (పవర్ కొలిచే యూనిట్) పరిమితి. పెట్టె 20 డీబీఎం, అంటే 100 మిల్లీవాట్లే ఇస్తుందనుకుందాం. దానికి బజార్లో దొరికే 24 డీబీఐ గెయిన్ (సిగ్నల్‌ని ఒకవైపు కేంద్రీకరించి పెంచే బలం) ఉన్న గ్రిడ్ యాంటెన్నా తగిలిస్తే 44 డీబీఎం అవుతుంది. అంటే సుమారు 25 వాట్లు. రేడియో అదే, కాగితం అదే, కానీ పరిమితికి ఆరు రెట్లు దాటిపోయింది. మాన్యువల్‌లో ‘ఇంత గెయిన్ మించిన యాంటెన్నా వాడకండి’ అని అంకెతో సహా తెలుగులో కూడా రాయండి. స్తంభం ఎక్కి బిగించే మనిషి చదివేది ఆ ఒక్క పేజీయే.

రిపోర్టు చేతికొచ్చాక ముందు చూడాల్సింది చివర్లో ఉండే ఫొటోలు. అక్కడ పెట్టె మీది లేబుల్ కనిపిస్తుంది. లేబుల్ మీద ‘జీడబ్ల్యూ-100’ అని, రిపోర్టు మొదటి పేజీలో ‘జీడబ్ల్యూ100’ అని, ఇన్‌వాయిస్‌లో ‘జీడబ్ల్యూ 100 ప్లస్’ అని ఉంటే కస్టమ్స్ దృష్టిలో అవి మూడు వేర్వేరు వస్తువులు. ఒక్క గీత తేడాకి కంటైనర్ ఆగుతుంది, డెమరేజ్ (ఆలస్యానికి పోర్టు వేసే అద్దె) పడుతుంది. అందుకే మోడల్ పేరు మొదట్లోనే ఖాయం చేసి, ల్యాబుకి శాంపిల్ పంపేలోపే లేబుల్ అచ్చు వేయించాలి. మార్కెటింగ్ వాళ్లు తర్వాత పేరు మార్చాలని అడుగుతారు. ఒప్పుకోవద్దు.

ఇక ఎంటీసీటీఈ. 2017 టెలిగ్రాఫ్ సవరణ నిబంధనలతో వచ్చింది, మొదటి విడత 2019 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. మొదట మోడెమ్, పీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజ్), కార్డ్‌లెస్ ఫోన్ లాంటివి ఉండేవి. తర్వాతి విడతల్లో ఐఓటీ గేట్‌వేలు, ట్రాకింగ్ పరికరాలు కూడా చేరాయి. మొబైల్ ఫోన్లు, స్మార్ట్ వాచీలను తర్వాత దీన్నుంచి తప్పించారు. కాబట్టి జాబితా ప్రతిసారీ కొత్తగా చూసుకోండి, పోయిన ఏడాది గుర్తున్నదాన్ని నమ్ముకోవద్దు.

ఇది ఈటీఏ అంత తేలిక కాదు. వస్తువుని బట్టి సింప్లిఫైడ్, జనరల్ అని రెండు దారులు ఉంటాయి. పోర్టల్‌లో పెట్టెకి ఉన్న ఇంటర్‌ఫేస్‌లు టిక్ చేస్తే, దాన్ని బట్టి ఏ ఏ పరీక్షలు కావాలో జాబితా తయారవుతుంది. లేని పోర్టు టిక్ చేస్తే లేని పరీక్షకి డబ్బు కట్టాలి. ఉన్న పోర్టు మర్చిపోతే సర్టిఫికెట్‌లో అది లేనట్టే. పరీక్షలు చేసేది టీఈసీ గుర్తించిన ల్యాబులు. విదేశీ కంపెనీ వస్తువైతే ఇండియాలో అధీకృత ప్రతినిధి తప్పనిసరి. ఒకే డిజైన్‌లో చిన్న తేడాలున్న మోడళ్లను ప్రధాన మోడల్ కింద చూపించే వీలుంది. దీన్ని మొదటి దరఖాస్తులోనే వాడుకోవాలి.

పెట్టె వదిలే నాయిస్ కొలిచే ల్యాబు గదిలో, అంటే ఛాంబర్లో, ఫెయిలయ్యేది దాదాపు ఎప్పుడూ ఒకచోటే: లాన్ కేబుల్. పరికరాలు వదిలే నాయిస్‌కి పరిమితులు పెట్టే అంతర్జాతీయ ప్రమాణం సీఐఎస్‌పీఆర్ 32 క్లాస్ బి (ఇళ్లలో వాడే పరికరాల తరగతి) ప్రకారం 3 మీటర్ల దూరంలో 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ వరకు పరిమితి 40, ఆ పైన 1 గిగాహెర్ట్జ్ దాకా 47 డీబీ మైక్రోవోల్ట్ పర్ మీటర్. ఈథర్నెట్ చిప్ గడియారం 25 మెగాహెర్ట్జ్. దాని రెట్లు 125, 250, 375 దగ్గర ముళ్లలా లేస్తాయి. కేబుల్ తీసేస్తే గ్రాఫ్ చదునవుతుంది, పెడితే మళ్లీ లేస్తాయి. కారణం దొరికినట్టే. మందు పెట్టెలోపలే ఉంది: లోహపు తొడుగున్న జాక్, దాని తొడుగు ఛాసిస్‌కి (పెట్టె లోహపు చట్రానికి) గట్టిగా తగలడం, 75 ఓమ్ రెసిస్టర్లు కలిసే చోట 1,000 పికోఫారాడ్, 2 కిలోవోల్టుల కెపాసిటర్. అడాప్టర్ తీగకి ఫెరైట్ (నాయిస్‌ని మింగే అయస్కాంత పూస) వేస్తే కింది బ్యాండు శబ్దం తగ్గుతుంది. కానీ ల్యాబులో ఫెరైట్ వేసి పాసైతే అమ్మే ప్రతి పెట్టెతోనూ ఆ ఫెరైట్ ఇవ్వాలి. బీఓఎంలో (తయారీకి కావాల్సిన భాగాల జాబితాలో) చేర్చడం మర్చిపోయేది ఇక్కడే.

ఈఎస్‌డీ (స్టాటిక్ కరెంటు షాక్) పరీక్షలో లోహం మీద 4 కిలోవోల్టులు తాకించి, ప్లాస్టిక్ సందుల దగ్గర 8 కిలోవోల్టులు గాల్లోంచి వదులుతారు. పడిపోయేది రీసెట్ బటన్ చుట్టూ ఉన్న సందు, ఎల్‌ఈడీ కన్నం. పెట్టె తనంతట తాను తేరుకుంటే పాస్. ఎవరో వెళ్లి పవర్ ఆపి వేయాల్సి వస్తే ఫెయిల్. చెరువు గట్టు మీద రాత్రి రెండింటికి ఆ పని చేసే మనిషి ఉండడు కాబట్టి ఈ షరతు కాగితం కోసం పెట్టింది కాదని గట్టిగా చెబుతాం. పెట్టె ఆగిపోతే తానే రీస్టార్ట్ చేసే వాచ్‌డాగ్ టైమర్ పెట్టండి.

అసలు పరీక్షకి ముందు సగం రోజు ప్రీ-కంప్లయన్స్ స్లాట్, అంటే ముందస్తు ట్రయల్ పరీక్షకి టైమ్, తీసుకోవడం మా గట్టి సలహా. ఆ సౌకర్యం ఉన్న ల్యాబులో పెట్టె వదిలే నాయిస్ కొలిపించుకోవచ్చు. మూడు శాంపిళ్లు తీసుకెళ్లండి: ఒకటి మామూలు ఫర్మ్‌వేర్‌తో, ఒకటి ఛానల్ మారకుండా నిరంతరంగా పంపే టెస్ట్ మోడ్‌తో, ఒకటి విప్పి చూసేందుకు. టెస్ట్ మోడ్ లేని శాంపిల్‌తో వెళ్తే ఆర్‌ఎఫ్ కొలతలు ముందుకి కదలవు, స్లాట్ డబ్బు పోతుంది.

రెండిటినీ పోల్చమంటే ఈటీఏ చవక, చురుకు, కానీ మోసే బాధ్యత ఎక్కువ. ఎంటీసీటీఈ ఖరీదు, నిదానం, కానీ ఆ పరీక్షలు దాటిన పెట్టె ఊళ్లో కరెంటు ఒడుదొడుకులకి నిజంగానే నిలబడుతుంది. ఈటీఏకి రెన్యువల్ లేదు, రేడియో మారితే మాత్రం కొత్త దరఖాస్తే. ఎంటీసీటీఈ సర్టిఫికెట్ మీద గడువు తేదీ ఉంటుంది. దాన్ని ప్రొడక్షన్ క్యాలెండర్‌లో ఆరు నెలల ముందే గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే అప్పటికి పవర్ చిప్ దొరక్క ఇంకోటి వేసి ఉంటారు, దాని రిపోర్టు మొదట్నుంచీ తీయించాలి.